ప్యారిస్ రాజు చారిబర్ట్ (క్రీ.శ. 561–567): తరచుగా అడిగే ప్రశ్నలు

అసలు ఎవరీ చారిబర్ట్?

ఇప్పటి ఫ్రాన్స్ ప్రాంతాన్ని ఏలిన ఫ్రాంకులు అనే జాతి రాజు, మెరోవింజియన్ వంశం. ఫ్రాంకుల్ని ఒక్క గొడుగు కిందికి తెచ్చిన క్లోవిస్ ఉన్నాడు కదా, ఆయనకి మనవడు. తండ్రి మొదటి క్లోటార్, తల్లి ఇంగుండ్. 561లో రాజయ్యాడు, 567లో పోయాడు, ప్యారిస్ రాజధాని. చిన్న పాలన, అందుకే చాలా పుస్తకాల్లో ఈయనకి ఒక పేరా దక్కితే ఎక్కువ, ఆ పేరాలో కూడా "ఆడపిచ్చి ఉన్న రాజు, చర్చి వెలేసింది, కొడుకుల్లేకుండా చచ్చాడు" అని తేల్చేస్తారు. ఆ మూడూ నిజమే. కానీ వాటిలో చరిత్రని నిజంగా మలుపు తిప్పింది మూడోది, దాన్నే అందరూ లైట్ తీసుకుంటారు.

నలుగురు అన్నదమ్ములు రాజ్యం పంచుకున్నారంటారు, ఎవరికి ఏం వచ్చింది?

క్లోటార్ చివరి రోజుల్లో ఫ్రాంకుల రాజ్యం మొత్తం ఆయన ఒక్కడి చేతికే వచ్చింది, ఎందుకంటే మిగతా అన్నదమ్ములు, వాళ్ల వారసులు ఒక్కొక్కళ్లే పోయారు (పోయినవాళ్లలో చిన్నపిల్లలు ఇద్దర్ని స్వయంగా ఆయనే చంపాడు, అది వేరే కథ). 561లో వేటకెళ్లి జ్వరం పట్టుకుని కాంపియేన్ దగ్గర చనిపోయాడు. ఇంత పెద్ద రాజుల్ని ఇలా చంపేస్తున్నాడంటే ఆ పైనున్న రాజు ఎలాంటోడో అని మంచం మీద అన్నాడట.

నలుగురు కొడుకులు తండ్రిని స్వాసోన్‌లో పాతిపెట్టి వచ్చారో లేదో చిల్పెరిక్ పోయి తండ్రి ఖజానా మీద చెయ్యేశాడు, గట్టి సర్దార్లని పిలిచి బహుమతులు పంచి తనవైపు తిప్పుకున్నాడు, ఆ ఊపులో ప్యారిస్‌లో దూరి కూర్చున్నాడు. మిగతా ముగ్గురూ కలిసి వచ్చి బయటికి గెంటారు. ఆ తర్వాతే పద్ధతిగా చీట్లేసుకుని పంచుకున్నారు: చారిబర్ట్‌కి పెదనాన్న చైల్డెబర్ట్ ఏలిన ప్యారిస్ రాజ్యం, గుంత్రమ్‌కి ఓర్లియాన్, సిగిబర్ట్‌కి రైమ్స్ (తర్వాత మెట్స్‌కి మారాడు), చిల్పెరిక్‌కి తండ్రి ఉన్న స్వాసోన్. చిల్పెరిక్ మిగతా ముగ్గురికీ సవతి తమ్ముడు, సవతి అంటే తల్లి చెల్లెలి కొడుకే, అదెలాగో కింద వస్తుంది.

చారిబర్ట్ వాటా ప్యారిస్ ఒక్కటే అనుకోకండి. ఆ వైపునించి పడమరకి, అక్కణ్నించి దక్షిణానికి తూర్, పువాతియే, సేంత్, బోర్డో దాకా ఉండేది. మంచి వాటానే.

ఆరేళ్లలో ఒక్క యుద్ధమన్నా చెయ్యలేదా?

చేసినట్టు రికార్డు లేదు. ఆ టైమ్‌లో సిగిబర్ట్ తూర్పున అవార్లు అనే సంచార జాతితో కొట్టుకుంటున్నాడు, ఆయన అటు వెళ్లగానే చిల్పెరిక్ వెనకనించి వచ్చి రైమ్స్ పట్టుకున్నాడు, సిగిబర్ట్ తిరిగొచ్చి స్వాసోన్ పట్టుకున్నాడు. ఈ గొడవలో చారిబర్ట్ పేరు ఎక్కడా కనపడదు. దీన్ని బద్ధకం అంటారు కొందరు, మెరోవింజియన్ ఇంట్లో పుట్టి ఆరేళ్లు తమ్ముళ్ల మీదికి వెళ్లకుండా ఉండటం నాకైతే బద్ధకంలా అనిపించదు.

మరి రాజుగా ఏం చేశాడు?

రెండు సంగతులు తెలుసు, రెండూ తూర్ బిషప్ గ్రెగరీ రాసినవే, ఒకదాంట్లో మెత్తగా ఉంటాడు ఇంకోదాంట్లో నిప్పు తొక్కిన కోతిలా ఉంటాడు.

మెత్తటిది పన్ను గొడవ. తూర్ ఊరు సెయింట్ మార్టిన్ సమాధి ఉన్న ఊరు, ఆయనంటే రాజులకి కూడా హడల్. క్లోటార్ పోయాక ఆ ఊరి జనం చారిబర్ట్‌కి విధేయంగా ఉంటామని ప్రమాణం చేస్తే, కొత్త పన్నులు, కొత్త రూల్స్ మీ నెత్తిన పెట్టనని ఆయన కూడా వాళ్లకి ప్రమాణం చేశాడు. తర్వాత గైసో అనే కౌంట్ (రాజు తరఫున ఊరిని చూసుకునే అధికారి) ఏదో పాత పన్ను జాబితా తవ్వి తీసి వసూళ్లు మొదలుపెట్టాడు. బిషప్ యుఫ్రోనియస్ అడ్డం పడ్డాడు. గైసో అప్పటిదాకా లాగిన కాస్త డబ్బూ ఆ జాబితా పట్టుకుని రాజు దగ్గరికి పోయి బిషప్ మీద కంప్లయింట్. చారిబర్ట్ ఆ కాగితం చూసి నిట్టూర్చి, సెయింట్ మార్టిన్ ఏం చేస్తాడో అన్న భయంతో దాన్ని మంటల్లో పడేశాడు, వసూలైన బంగారు నాణేలు తిరిగి మార్టిన్ చర్చికే పంపాడు, తూర్ జనం పన్ను కట్టక్కర్లేదన్నాడు. ఇదంతా మనకెలా తెలుసంటే 589లో ఇంకో రాజు మనుషులు పన్ను పుస్తకాలతో తూర్‌లో దిగినప్పుడు అప్పటి బిషప్ గ్రెగరీ ఈ కథంతా వాళ్లకి వినిపించి వాదించాడు, పన్ను మాఫీ నిలబెట్టుకున్నాడు కూడా. అంటే చారిబర్ట్ పోయి ఇరవై ఏళ్లు దాటినా ఆయన మాట తూర్‌లో చెల్లింది.

రెండోది ముళ్ల బండి కథ. సేంత్ బిషప్ ఎమెరియస్‌ని క్లోటార్ తన సొంత ఆర్డర్‌తో పెట్టాడు, పైనున్న బోర్డో ఆర్చిబిషప్ లియోంటియస్ సంతకం లేకుండానే. ముసలి రాజు పోగానే లియోంటియస్ తన పరిధిలో బిషప్పుల్ని సేంత్‌లో కూర్చోబెట్టి ఎమెరియస్‌ని దించేశాడు, బోర్డోలోని హెరాక్లియస్ అనే ప్రీస్ట్ పేరు రాసి అందరూ సంతకాలు చేసి ప్యారిస్ పంపారు. ఆ కాగితం తెచ్చిన ప్రీస్ట్ దారిలో తూర్‌లో ఆగి యుఫ్రోనియస్‌ని కూడా సంతకం పెట్టమంటే ఆయన చచ్చినా పెట్టనన్నాడు, తెలివైనోడు. ఈ ప్రీస్ట్ రాజు ముందుకెళ్లి "అపోస్తలుల పీఠం మీకు నమస్కారాలు పంపింది" అన్నాడు. ఆ మాట మామూలుగా రోమ్ పోప్‌కి వాడేది. చారిబర్ట్ వెంటనే పట్టుకున్నాడు, ఏంటీ, రోమ్ పోయి పోప్ నమస్కారాలు మోసుకొచ్చావా అని. కాదు మహారాజా, బోర్డో లియోంటియస్ గారు అని నసిగి, ఎమెరియస్‌ని దించేశామని విషయం బయటపెట్టాడు. రాజు పళ్లు పటపటలాడించి, ముళ్లు నింపిన బండి తెప్పించి వీణ్ని దానిమీద పడేసి దేశం దాటించమన్నాడు. క్లోటార్ చేసిన పని నిలబెట్టే కొడుకు ఒక్కడూ మిగల్లేదనుకున్నార్రా అన్నాడు. ఎమెరియస్‌ని మళ్లీ సీట్లో కూర్చోబెట్టారు, లియోంటియస్‌కి వెయ్యి బంగారు నాణేల జరిమానా, మిగతా బిషప్పులకి ఎవరి స్తోమతని బట్టి వాళ్లకి.

బిషప్‌ని ఎవరు పెట్టాలి అన్నదే ఇక్కడ అసలు తగాదా. ఈయన తండ్రి హక్కు వదల్లేదు. ఆడవాళ్ల వెంట పడటం తప్ప వేరే పనిలేని రాజు అయితే ఎక్కడో సేంత్‌లో ఏ బిషప్ ఉంటే ఏంటి అని వదిలేసేవాడు.

పెళ్లాల గొడవ ఏంటి?

మొదటి భార్య ఇంగోబెర్గా. ఆమె దగ్గర పనిచేసే అక్కచెల్లెళ్లు ఇద్దరు, మెరోఫ్లెడా, మార్కోవెఫా, పేదవాళ్ల పిల్లలు, తండ్రి ఉన్ని పని చేసేవాడు. మార్కోవెఫా సన్యాసిని బట్టలు కట్టుకుని ఉండేది. రాజుకి ఈ ఇద్దరి మీద మనసు పడింది, ఇంగోబెర్గాకి ఒళ్లు మండింది. రాణి ఏం చేసిందంటే ఆ తండ్రిని రహస్యంగా ప్యాలెస్‌లోకి రప్పించి పనిలో పెట్టింది, అతను ఉన్ని దువ్వుతూ కూర్చున్నప్పుడు రాజుని పిలిచింది. ఏదో కొత్త వింత చూపిస్తుందేమో అనుకుని రాజు వచ్చాడు, దూరంగా మామగారు కాబోయే మనిషి రాజుగారి ఉన్ని సాపు చేస్తూ కనపడ్డాడు. ఇలాంటి వాడి కూతుళ్లా అని అసహ్యం పుట్టాలని రాణి ప్లాన్. రాజుకి కోపమైతే వచ్చింది, కానీ రాణి మీద వచ్చింది. ఇంగోబెర్గాని వదిలేసి మెరోఫ్లెడాని పెళ్లి చేసుకున్నాడు.

ఇంకొకామె థ్యూదిగిల్డ్, గొర్రెల కాపరి కూతురు. ఆమెకి ఒక కొడుకు పుట్టాడని, పుట్టగానే పోయాడని, కడుపులోంచి నేరుగా సమాధికే తీసుకెళ్లారని గ్రెగరీ రాశాడు. ఈ వాక్యం పెళ్లాల లిస్టు మధ్యలో ఎవరూ పట్టించుకోకుండా పడి ఉంటుంది, కానీ మగపిల్లాడి గురించి ఉన్న ఒకే ఒక్క మాట ఇదే.

చివరికి మెరోఫ్లెడా తోబుట్టువు మార్కోవెఫాని కూడా చేసుకున్నాడు. అప్పుడు పేలింది.

చర్చి ఎందుకు వెలేసింది? తండ్రి చేసింది కూడా అదేగా?

కరెక్ట్ ప్రశ్న. మన దగ్గర అక్క పోతే మరదల్ని చేసుకోవడం ఇళ్లల్లో మామూలు విషయం కాబట్టి ఇందులో అంత పెద్ద నేరం ఏముందా అనిపిస్తుంది. అక్కడి చర్చి లెక్కలో భార్య తోబుట్టువు అంటే సొంత తోబుట్టువుతో సమానం, పైగా మార్కోవెఫా సన్యాసినిగా ఉన్న మనిషి, రెండు నేరాలు ఒకే పెళ్లిలో. ప్యారిస్ బిషప్ జెర్మానస్ రాజుని, ఆమెని ఇద్దర్నీ వెలేశాడు. రాజు ఆమెని వదలనన్నాడు. ఒక మెరోవింజియన్ రాజుని బిషప్ తన సొంత రాజధానిలోనే పెళ్లి విషయంలో వెలెయ్యడం, గట్టి గుండె కావాలి.

తండ్రి సంగతికొస్తే, క్లోటార్ భార్య ఇంగుండ్ (అంటే చారిబర్ట్ తల్లి) ఒకరోజు మా చెల్లి ఆరెగుండ్‌కి మంచి సంబంధం చూడండి అని అడిగింది. ఆయన వెళ్లి చూసొచ్చి, నాకంటే మంచి సంబంధం దొరకలేదు, నేనే చేసుకున్నా అన్నాడు. చిల్పెరిక్ ఆ ఆరెగుండ్ కొడుకు. సన్యాసిని బట్టల పాయింట్ పక్కన పెడితే తండ్రి ఎంచక్కా కానిచ్చిన పనే కొడుక్కి వెలి తెచ్చింది. మధ్యలో మారింది బిషప్పుల పట్టు. 567 నవంబర్‌లో తూర్‌లో, చారిబర్ట్ రాజ్యంలోనే, ఆయన సమ్మతితోనే, ఒక బిషప్పుల సభ జరిగింది, జెర్మానస్ అందులో కూర్చున్నాడు, దగ్గరి బంధువుల మధ్య పెళ్లిళ్ల మీద ఆ సభ చాలా పొడుగు తీర్మానం రాసింది. ఆ గదిలో అందరికీ ఎవరి ఇల్లు గుర్తొచ్చి ఉంటుందో వేరే చెప్పక్కర్లేదు.

గ్రెగరీ చెప్పిందంతా నమ్మచ్చా?

సంఘటనలు నమ్మచ్చు, స్వరం మాత్రం చూసుకోవాలి. ఆయన 573లో తూర్ బిషప్ అయ్యాడు, చారిబర్ట్ అప్పటికే పోయాడు. బిషప్ మాట వినని రాజుకి దేవుడు శిక్ష వేస్తాడు అన్నది ఆయన పుస్తకం పొడుగునా నడిచే లైన్, చారిబర్ట్ కథ అందులో అచ్చంగా ఇమిడింది. మార్కోవెఫా దేవుడి తీర్పుతో చచ్చింది, కొన్నాళ్లకి రాజూ చచ్చాడు, అంతే, రెండు ముక్కలు.

అవతలి పక్క ఇటలీ నుంచి వచ్చిన కవి వెనాంటియస్ ఫార్చునాటస్ ఉన్నాడు. ఆయన 566లో సిగిబర్ట్, బ్రూన్‌హిల్డ్ పెళ్లికి కవిత్వం చదివి, ప్యారిస్ వచ్చి చారిబర్ట్ మీద కూడా రాశాడు. అందులో రాజు న్యాయమూర్తి, శాంతి కోరేవాడు, పుట్టుక ఫ్రాంకే అయినా లాటిన్ మాట్లాడితే రోమన్లు కూడా దిగదుడుపే, చనిపోయిన పెదనాన్న భార్యని, కూతుళ్లని ఆదరించినవాడు. డబ్బు, ఆశ్రయం కోసం రాసే కవి కదా, తగ్గించి చదవాలి, ఒప్పుకుంటా. కానీ పొగడటానికైనా కాస్త ఆధారం ఉండాలి, లాటిన్ రాని రాజు ముందు నిలబడి నీ లాటిన్ అద్భుతం అంటే సభలో నవ్వుతారు. పన్ను కాగితం కాల్చిన మనిషి, "అపోస్తలుల పీఠం" అన్న మాట దగ్గరే ప్రీస్ట్‌ని పట్టేసిన మనిషి, ఈ కవితలో రాజుకి బాగానే సరిపోతాడు.

ఆయన పోయాక భార్యలు ఏమయ్యారు?

థ్యూదిగిల్డ్ కథ మాత్రం వివరంగా ఉంది. రాజు పోగానే ఆమె ఖజానాలో తన వాటా పెట్టుకుని గుంత్రమ్‌కి కబురు పంపింది, నన్ను పెళ్లి చేసుకో అని. రమ్మను, సంకోచం వద్దు, మా అన్న దగ్గర కంటే నా దగ్గర గౌరవం ఎక్కువుంటుంది, సొమ్ము మాత్రం తెచ్చుకోమను అన్నాడు ఆయన. ఆమె సంతోషంగా అంతా మూటగట్టుకుని వెళ్లింది. ఈ సొమ్ము ఈవిడ దగ్గర కంటే నా దగ్గర ఉంటేనే మంచిదని గుంత్రమ్ అక్కడే చాలావరకు లాక్కుని, కాస్త వదిలి, ఆమెని ఆర్ల్ మఠానికి తోలించాడు. (ఈ గుంత్రమ్ తర్వాత సెయింట్ అయ్యాడు, తెలుసుకోండి.) ఆ ఉపవాసాలు, రాత్రి జాగారాలు ఆమె వల్ల కాలేదు. ఒక గోత్‌కి (అప్పట్లో స్పెయిన్ ఏలే జాతి మనిషి) రహస్యంగా కబురు పెట్టింది, నన్ను స్పెయిన్ తీసుకెళ్లి పెళ్లి చేసుకుంటే నా సొమ్ముతో వస్తానని. అతను సరేనన్నాడు, మూటలు కట్టింది, బయటపడబోతుంటే మఠం పెద్దావిడ పట్టేసుకుంది. బాగా కొట్టించి కాపలాలో పెట్టింది, చచ్చేదాకా అక్కడే.

ఇంగోబెర్గా పద్ధతిగా బతికింది. 589లో డెబ్భై ఏళ్ల వయసులో గ్రెగరీని పిలిపించి వీలునామా రాయించింది, తూర్ చర్చికి, సెయింట్ మార్టిన్‌కి, ల మాన్ చర్చికి ఇచ్చేవి ఇచ్చి, చాలామంది బానిసల్ని కాగితాలిచ్చి విడిపించి పోయింది. ఉన్ని కథ గ్రెగరీకి ఆమె నోటినుంచే చేరిందని నా అనుమానం, ప్యాలెస్ లోపల జరిగింది ఇంత వివరంగా చెప్పగలిగేవాళ్లు ఇంకెవరున్నారు.

రాజ్యం ఏమైంది?

ఇక్కడే అసలు నష్టం. కొడుకు లేడు కాబట్టి ముగ్గురు తమ్ముళ్లు పంచుకున్నారు, పంచుకున్న తీరు చూస్తే తల తిరుగుతుంది: తూర్, పువాతియే సిగిబర్ట్‌కి, సేంత్ గుంత్రమ్‌కి, బోర్డో, లిమోజ్ చిల్పెరిక్‌కి, ఒకడి ఊరికి పోవాలంటే ఇంకొకడి ఊరు దాటాలి. ప్యారిస్ ఎవరికీ ఇవ్వలేక ముగ్గురికీ ఉమ్మడి అన్నారు, మిగతావాళ్ల ఒప్పుదల లేకుండా ఎవడు అందులో అడుగుపెట్టినా తన వాటా పోతుందని పొలియుక్టస్, హిలరీ, మార్టిన్ అనే ముగ్గురు సెయింట్ల మీద ఒట్టేసుకున్నారు.

ఈలోపు చిల్పెరిక్ స్పెయిన్ రాకుమారి గాల్స్‌విన్తాని పెళ్లి చేసుకుంటూ బోర్డో, లిమోజ్ లాంటి ఊళ్లు ఆమెకి పెళ్లి కానుక రాసిచ్చాడు, తర్వాత ఆమె మంచం మీదే గొంతు పిసికి చంపబడింది. ఆమె చెల్లెలే సిగిబర్ట్ భార్య బ్రూన్‌హిల్డ్, ఇంక పగ ఆగుతుందా. తూర్, పువాతియే కోసం చిల్పెరిక్ మాటిమాటికీ సైన్యం పంపాడు. 575లో సిగిబర్ట్ హత్య, 584లో చిల్పెరిక్ హత్య. మధ్యలో 583లో చిల్పెరిక్ ఈస్టర్‌కి ప్యారిస్ వెళ్లాలనుకున్నాడు, ఒట్టు గుర్తొచ్చింది, శాపం తగలకుండా సెయింట్ల అవశేషాల్ని ముందు నడిపించి వాటి వెనక తను ఊళ్లోకి వెళ్లాడు. చిల్పెరిక్ పోయాక గుంత్రమ్ ఒట్టు తప్పినవాళ్లకి శిక్ష పడింది చూశారా అంటూ చారిబర్ట్ వాటా మొత్తం నాదే అన్నాడు. 587లో గుంత్రమ్‌కీ సిగిబర్ట్ కొడుక్కీ మధ్య జరిగిన ఆందెలో ఒప్పందంలో కూడా ఇంకా ఈ వాటా లెక్కలే నడిచాయి.

ఇంగ్లండ్‌కి క్రైస్తవం రావడంలో ఈయన చెయ్యి ఉందంటారు?

చెయ్యి కాదు, కూతురు. ఇంగోబెర్గాకి పుట్టిన బెర్తా ఇంగ్లండ్‌లోని కెంట్ అనే చిన్న రాజ్యం రాజు ఎథెల్‌బర్ట్‌ని చేసుకుంది, ఆయన క్రైస్తవుడు కాదు. నా మతం నేను పాటించుకుంటా అన్న షరతు మీద, లియుద్‌హార్డ్ అనే బిషప్‌ని వెంటబెట్టుకుని వెళ్లింది, కాంటర్‌బరీ బయట రోమన్ల కాలపు పాత చర్చిలో ప్రార్థన చేసుకునేది. 597లో మతప్రచారానికి పోప్ పంపిన అగస్టీన్ దిగేసరికి అక్కడ రాణి, బిషప్, చర్చి అన్నీ రెడీగా ఉన్నాయి, 601లో పోప్ ఆమెకి ఉత్తరం కూడా రాశాడు. ఆ సెయింట్ మార్టిన్ చర్చిలో ఇప్పటికీ ప్రార్థన జరుగుతుంది, 1988 నుంచి యునెస్కో లిస్టులో ఉంది, లండన్ నుంచి ఒక్క రోజులో చూసి రావచ్చు.

పువాతియే సన్యాసినుల తిరుగుబాటుకీ ఈయనకీ సంబంధం?

లీడర్ ఈయన కూతురినని చెప్పుకుంది. పేరు క్రోతిల్డ్. పువాతియేలోని ఆ మఠం పెట్టింది క్లోటార్ భార్యల్లో ఒకరైన రాడెగుండ్. ఆవిడ పోయాక కొత్త పెద్దావిడ మమ్మల్ని రాజుల బిడ్డల్లా కాకుండా దాసీల బిడ్డల్లా చూస్తోందని 589లో క్రోతిల్డ్, చిల్పెరిక్ కూతురు బాసినా, ఇంకో నలభై మంది వానలో నడుచుకుంటూ తూర్ వచ్చేశారు. గ్రెగరీ బతిమాలాడు, వినలేదు. తర్వాత వెనక్కెళ్లి సెయింట్ హిలరీ చర్చిలో రౌడీల్ని పోగేసి, మఠం మీద పడి పెద్దావిడని ఈడ్చుకొచ్చి బంధించారు. కౌంట్ సైన్యంతో వచ్చి అణచాల్సి వచ్చింది. విచారణలో క్రోతిల్డ్ చేసిన ఆరోపణల్లో తిండి బాలేదు, పెద్దావిడ పాచికలాడుతుంది అన్నవి కూడా ఉన్నాయి. వెలేశారు, తర్వాత క్షమించారు, రాజు ఆమెకి ఒక ఎస్టేట్ కూడా ఇచ్చాడు.

బెర్తెఫ్లెడ్ అని ఇంకో కూతురు తూర్‌లో మఠంలో ఉండేది, అక్కణ్నించి ల మాన్ వెళ్లిపోయింది. ఆమెకి తిండి, నిద్ర తప్ప దేవుడి పని పట్టదని గ్రెగరీ సణిగాడు.

దక్షిణ ఫ్రాన్స్‌లోని బనసాక్‌లో కొట్టించిన "చారిబర్ట్" బంగారు నాణేలు ఈయనవేనా?

కాదు. అవి రెండో చారిబర్ట్‌వి, ఆయన ఇదే వంశంలో తర్వాతి రాజు మొదటి డాగోబర్ట్‌కి సవతి తమ్ముడు, తులూజ్ కేంద్రంగా 629 నుంచి 632 వరకు ఏలాడు. పేరు ఒకటే, పాలన ఇంకా చిన్నది, ఆయన కొడుకు కూడా వెంటనే చంపబడ్డాడు, అందుకే నెట్‌లో ఇద్దర్నీ తెగ కలిపేస్తుంటారు. నాణెం ఫొటో కింద 561 అని తేదీ కనపడితే ఆ పేజీ మూసెయ్యండి.